సోడాబుడ్డి అద్దాలకు సెలవు... కంటికి కాదు!

'కంట్లోనే లెన్సు పెట్టేస్తారట. ఇక అద్దాలతో పనే ఉండదట!' నిజమే. అయితే ఆ లెన్సు అన్ని కళ్లకూ నప్పదు. నప్పి, పెట్టించుకున్నాక కూడా డాక్టరుతో పని తీరిపోదు. ఎందుకంటే...

ఫిబ్రవరి వచ్చిందంటే నందిపేట్ చుట్టుపక్కల గాలికే పసుపు వాసన. తవ్వి తెచ్చిన కొమ్ముల్ని ఉడకబెట్టేచోట మూత తీయగానే గుప్పున ఆవిరి లేస్తుంది. అక్కడ నిలబడ్డ మనిషికి కళ్లద్దాలుంటే ఇక అంతే! లోకమంతా తెల్లటి పొగ. తీసి తుడుచుకుందామంటే, తీసిన మరుక్షణం ఆ పొగ కూడా సరిగ్గా కనపడదు.

అలాంటి ఒక అమ్మాయిని అనుకుందాం. డిగ్రీ చివరి సంవత్సరం. రెండు కళ్లకూ మైనస్ 11. అద్దాలు తీస్తే ఆమెకు స్పష్టంగా కనిపించేది తొమ్మిది సెంటీమీటర్ల వరకే. అంటే బెత్తెడు దూరం! అది దాటితే కన్నతల్లి ముఖమైనా మసకే. పొద్దున లేస్తూనే చెయ్యి దిండు పక్కన తడుముకుంటుంది. బడిలో పడిన 'సోడాబుడ్డి' అన్న పేరు కాలేజీ దాకా వెంట వచ్చింది. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. 'ఫొటో దిగేటప్పుడన్నా అద్దాలు తియ్యరాదే బిడ్డా' అంటుంది అమ్మ. తీస్తే కెమెరా ఎటుందో కనపడదు మరి!

లేజర్ చేయిస్తే పోతుందని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లారు. పరీక్షలన్నీ చేసిన డాక్టరు 'ఈ కంటికి లేజర్ వద్దు. లోపల లెన్సు పెట్టడానికి వీలవుతుందేమో చూద్దాం' అన్నాడు. దాంతో ఇంట్లో కొత్త గాభరా. 'లెన్సా? గది తాతకు పెట్టింది కదా! ఇరవై ఏండ్ల పిల్లకు కండ్లల్ల పొర ఎట్లొస్తది?'

ఈ అమ్మాయి మనం అనుకున్న అమ్మాయే. కానీ ఆ గాభరా మాత్రం సోడాబుడ్డి అద్దాలున్న చాలా ఇళ్లలో ఉన్నదే. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

తాత లెన్సు వేరు... మనవరాలి లెన్సు వేరు

మన కంట్లో పుట్టుకతోనే ఒక లెన్సు ఉంటుంది. నల్లగుడ్డు మధ్యలో కనిపించే కంటిపాప వెనకాల, శనగగింజంత పారదర్శకమైన కటకం. వయసు మీదపడ్డాక అది పాలమీగడలా తెల్లబడితే శుక్లం అంటాం. తాతకు ఆపరేషన్ చేసినప్పుడు ఆ చెడిపోయిన లెన్సును తీసేసి, దాని స్థానంలో కృత్రిమమైనదాన్ని పెట్టారు. పాతది పోయింది, కొత్తది వచ్చింది.

మనవరాలికి పెట్టేది అలా కాదు. ఆమె సొంత లెన్సు నిక్షేపంగా ఉంది. దాన్ని ముట్టుకోరు. దాని ముందు, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర (ఐరిస్) వెనకాల ఉన్న సన్నటి జాగాలో మరో పలచటి లెన్సును అమరుస్తారు. మామూలు కాంటాక్టు లెన్సు కంటి పైన కూర్చుంటుంది. ఇది కంటి లోపల కూర్చుంటుంది. 'ఇంప్లాంటబుల్ కొలామర్ లెన్స్'... పొడి అక్షరాల్లో ఐసీఎల్. సొంత లెన్సు అలాగే ఉంటుంది కాబట్టి, దూరంగా ఉన్న బస్సు బోర్డునీ దగ్గరగా ఉన్న సెల్‌ఫోన్‌నీ మార్చి మార్చి చూసే శక్తి ఈ వయసువాళ్లకు పోదు.

'అసలు లెన్సునే తీసేసి కొత్తది పెడితే ఒక్కసారితో అయిపోతుంది కదా' అని కొందరు అడుగుతుంటారు. కుర్రవయసులో అది మంచి బేరం కాదు. చదవడానికి అప్పటికప్పుడే అద్దాలు కావాల్సివస్తుంది. పైగా బాగా ఎక్కువ మైనస్ ఉన్న పడుచు కళ్లలో సొంత లెన్సు తీస్తే, లోపలి రెటీనా ఊడే ప్రమాదం పెరుగుతుంది.

యుద్ధవిమానం చెప్పిన పాఠం

మనిషి కంట్లో పరాయి వస్తువు పెట్టొచ్చన్న ఆలోచన ఎలా వచ్చిందన్నదే ఓ పెద్ద కథ. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానాల పైకప్పులు పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్‌తో ఉండేవి. గుళ్లు తగిలి అవి పగిలితే ముక్కలు పైలట్ల కళ్లలోకి దూసుకుపోయేవి. గాయపడినవాళ్లను చూసిన లండన్ డాక్టరు హెరాల్డ్ రిడ్లీ ఒక విచిత్రం గమనించాడు. కంట్లో మరేది గుచ్చుకున్నా ఎర్రబడి చీము పడుతుంది. ఈ ప్లాస్టిక్ ముక్కలు మాత్రం కదలకుండా ఉంటే ఏళ్లతరబడి కిమ్మనకుండా ఉన్నాయి!

అదే జాతి ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి, 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఓ శుక్లం రోగికి అమర్చాడు రిడ్లీ. మెచ్చుకున్నారా? లేదు. కంట్లోంచి పరాయి వస్తువుల్ని తీయాల్సిన డాక్టరు కొత్తగా ఒకటి పెట్టడమేమిటని తోటి పెద్దలే దుమ్మెత్తిపోశారు. ఆయనకు 'సర్' బిరుదు దక్కింది 2000లో. ఆ మరుసటి ఏడాదే కన్నుమూశారు.

మన దగ్గర ఆ లెన్సు మామూలు ఇళ్లకు చేరడానికి ఇంకా సమయం పట్టింది. పాత కంటి శిబిరాల ఫొటోలు చూడండి. శుక్లం తీయించుకున్న పెద్దలందరికీ భూతద్దాల్లాంటి కళ్లజోళ్లే. శుక్లం తీసేవారు కానీ లోపల లెన్సు పెట్టేవారు కాదు మరి. దిగుమతి లెన్సు ఖరీదు అలా ఉండేది. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రివాళ్లు 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే చౌకగా తయారుచేయడంతో పరిస్థితి మారింది. 1994లో ప్రపంచబ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో మొదలైన శుక్లం నివారణ పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తాతకు లెన్సు అందిందంటే ఆ దారిలోనే.

సొంత లెన్సు ఉండగానే ఇంకోటి పెట్టే ప్రయత్నం 1953లోనే ఇటలీలో జరిగింది. బెనెడెట్టో స్ట్రాంపెల్లీ అనే సర్జన్ పెట్టారు. కానీ ఆ లెన్సులు నల్లగుడ్డు లోపలి కణాలను దెబ్బతీయడంతో చాలావాటిని మళ్లీ తీసేయాల్సివచ్చింది. 1986లో మాస్కో డాక్టరు స్వ్యతొస్లావ్ ఫ్యొదొరోవ్ లెన్సును ఐరిస్ వెనక్కి మార్చారు. ఇవాళ్టి ఐసీఎల్ ఆ దారిలోనే వచ్చింది. అమెరికా ఎఫ్‌డీఏ దానికి 2005 డిసెంబరులో అనుమతి ఇచ్చింది.

లేజర్ ఎందుకు వద్దన్నారు?

లేజర్ చికిత్స అంటే నల్లగుడ్డు పైభాగాన్ని (కార్నియా) చెక్కడం. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఒక్కో మైనస్ పవర్ తగ్గించడానికి సుమారు 12 నుంచి 15 మైక్రాన్ల పొరను లేజర్ తినేస్తుంది. (వెయ్యి మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు.) మైనస్ 3 ఉన్నవాళ్లకు ఇదో లెక్క కాదు. మన అమ్మాయి సంగతి చూడండి. మైనస్ 11 పోవాలంటే 130 మైక్రాన్లకు తక్కువ కాకుండా చెక్కాలి. లేసిక్ పద్ధతిలో పైన మూతలా లేపే పొరకు మరో నూరు. ఇక మిగిలేదెంత? గోడ పలచబడితే లోపలి ఒత్తిడికి అది క్రమంగా ముందుకు ఉబ్బి, చూపు వంకరపోవచ్చు. అందుకే పవర్ బాగా ఎక్కువున్నవాళ్లకీ, కార్నియా పలచగా ఉన్నవాళ్లకీ డాక్టర్లు లేజర్ వద్దంటారు.

అలా వద్దన్నప్పుడు 'వేరేచోట చేస్తారట' అని ఇంకో ఊరికి పరుగెత్తేవాళ్లున్నారు. ఒకచోట కాదన్న కంటికి మరోచోట ఔనన్నారంటే సంతోషించడం కాదు, ఎందుకన్నారో అడగాలి.

అయితే ఐసీఎల్ మాత్రం అందరికీ కుదురుతుందా? దానికీ కొలతలున్నాయి. అమెరికా అనుమతి ప్రకారం వయసు 21 నుంచి 45 మధ్య ఉండాలి. ఏడాది కాలంలో పవర్ అర పాయింటు కంటే ఎక్కువ మారి ఉండకూడదు. కార్నియా నుంచి సొంత లెన్సు దాకా ఉండే ఖాళీ కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. నల్లగుడ్డు లోపలి కణాల్ని లెక్కపెట్టి, వయసుకు తగినన్ని ఉన్నాయో లేదో చూస్తారు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ చేయరు. మైనస్ 15 దాకా పూర్తిగా సరిచేయడానికీ, 15 నుంచి 20 దాకా తగ్గించడానికీ అక్కడ అనుమతి. పదిహేడేళ్ల పిల్లాడిని తీసుకెళ్లి 'కాలేజీలో చేరేలోపు అద్దాలు పోవాలి' అంటే కుదరదు. ఆ వయసులో పవర్ ఇంకా పెరుగుతుంటుంది.

పావుగంట పని... అర మిల్లీమీటరు లెక్క

ఆపరేషన్ చిన్నదే. మత్తు చుక్కలు వేస్తారు. కంటిపాప పెద్దది కావడానికి మరో మందు. నల్లగుడ్డు అంచున సుమారు 3 మిల్లీమీటర్ల గాటు. మెత్తటి లెన్సును మడిచి సన్నటి గొట్టంలోంచి లోపలికి పంపితే అక్కడ మెల్లగా విచ్చుకుంటుంది. దాని నాలుగు మూలల్నీ ఐరిస్ వెనక్కి సర్దుతారు. కుట్లు అక్కర్లేదు. కంటికి పావుగంట, ఇరవై నిమిషాలు. చాలామందికి మర్నాటికే చూపు తేటపడుతుంది. కొందరికి ఆపరేషన్‌కు ముందు అద్దాలతో కనిపించినదానికంటే కూడా మెరుగ్గా! మందపాటి మైనస్ అద్దం ప్రతి వస్తువునూ చిన్నది చేసి చూపిస్తుంది. లెన్సు కంటి లోపలికి వెళ్లాక ఆ చిన్నబోవడం ఉండదు.

అసలు కష్టమంతా ఆపరేషన్‌కు ముందు, కొలతలు తీయడంలో ఉంది. కొత్త లెన్సుకీ సొంత లెన్సుకీ మధ్య సుమారు అర మిల్లీమీటరు ఖాళీ మిగలాలి. లెన్సు కాస్త చిన్నదైతే సొంత లెన్సుకు రాసుకుని శుక్లం రావచ్చు. పెద్దదైతే ఐరిస్‌ను ముందుకు నెట్టి, కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుని ఒత్తిడి పెరగొచ్చు. అందుకే స్కానింగులకు ఒక పూట పట్టిందని విసుక్కోవద్దు. 'పొద్దున రండి, సాయంత్రం చేసేస్తాం' అన్నచోటనే విసుక్కోవాలి!

మొదటి తరం ఐసీఎల్‌కు మరో బాధ ఉండేది. లోపలి నీరు ఆడటం కోసం ముందుగా లేజర్‌తో ఐరిస్‌కు చిన్న రంధ్రాలు చేయాల్సివచ్చేది. జపాన్ డాక్టరు కిమియా షిమిజు ఆలోచన ఆ బాధ తప్పించింది. ఐరిస్‌కు బదులు లెన్సు మధ్యలోనే రంధ్రం పెడితే? 0.36 మిల్లీమీటర్ల ఆ సూదిబెజ్జంతో నీరు మామూలుగా ప్రవహిస్తుంది. శుక్లం వచ్చే అవకాశమూ బాగా తగ్గింది. ఈ రకానికి ఎఫ్‌డీఏ అనుమతి 2022 మార్చిలో వచ్చింది. ఆ బెజ్జం అడ్డంగా కనిపించదా అనేగా అనుమానం! పగలు కనిపించదు. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు మాత్రం కొందరికి కనపడతాయి. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటైపోతుంది. రాత్రిళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపేవాళ్లయితే ఈ విషయం ముందే డాక్టరుకు చెప్పి మాట్లాడుకోవాలి.

ఇంకో ముచ్చట. కొలామర్ అనే పదార్థంలో పంది నుంచి తీసి శుద్ధిచేసిన కొల్లాజెన్ అతి స్వల్పంగా ఉంటుంది. మతపరంగానో ఆహార నియమాల వల్లనో పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. గుజరాత్‌లో తయారయ్యే ఇలాంటి లెన్సులు వేరే రకం ప్లాస్టిక్‌వి, ధరలోనూ కొంత తక్కువ.

అద్దాలు పోయాయి... మైనస్ పోలేదు

చాలామంది పొరబడేది ఇక్కడే. ఎక్కువ మైనస్ ఉందంటే కన్ను పొడుగైందని అర్థం. మామూలు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు పెరిగితే దాదాపు రెండున్నర, మూడు పాయింట్ల మైనస్ వస్తుంది. మన అమ్మాయి కన్ను ఆ లెక్కన మూడు, నాలుగు మిల్లీమీటర్లు సాగి ఉంటుంది. గుడ్డు సాగితే దానికి లోపల అతుక్కుని ఉన్న రెటీనా కూడా సాగుతుంది. బుడగ ఊదినకొద్దీ రబ్బరు పలచబడ్డట్టు. పలచబడ్డచోట చిరుగులు పడొచ్చు, ఊడిరావచ్చు, వయసు పెరిగాక మధ్యభాగం అరిగిపోవచ్చు.

ఐసీఎల్ ఇందులో ఒక్కదాన్నీ మార్చదు. సాగిన కన్ను సాగినట్టే ఉంటుంది. ఇదివరకు పవర్ మారిందేమోనని ఏడాదికోసారైనా అద్దాల దుకాణానికో డాక్టరు దగ్గరికో వెళ్లేవాళ్లు. లెన్సు పెట్టాక బ్రహ్మాండంగా కనిపిస్తుంది కదా, ఎందుకు వెళతారు? ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉంది. ఏడాదికోసారి పాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి. కంటి ఒత్తిడి, లోపలి కణాల సంఖ్య, రెండు లెన్సుల మధ్య ఖాళీ కూడా కొలిపించుకోవాలి. ఈలోపు ఉన్నట్టుండి నల్లచుక్కలు గుంపుగా తేలుతున్నా, కంట్లో మెరుపులు మెరిసినట్టున్నా, ఓ పక్క నుంచి తెర దించినట్టు చీకటి కమ్ముతున్నా ఆ రోజే పరుగెత్తాలి. పసుపు కాంటా అయ్యాక చూద్దాం అనుకుంటే చూపు ఆగదు.

నలభై దాటాక అందరిలాగే చత్వారమూ వస్తుంది. పేపరు చదవడానికి అద్దాలు తప్పవు. అరవైల్లో శుక్లం వస్తే ఈ లెన్సును తీసేసి ఆ ఆపరేషన్ చేస్తారు. అవసరమైతే తీయగలగడమన్నది దీనికి ఉన్న పెద్ద సుగుణం. చెక్కేసిన కార్నియాను తిరిగి అతికించలేం కదా.

గోదావరి అవతల

నందిపేట్ నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. ఆపరేషన్‌కు ఒకసారి వెళ్లడం ఎవరికైనా సాధ్యమే. తర్వాత ప్రతి ఏడాదీ వెళ్లగలరా అన్నది అసలు ప్రశ్న. ఆపరేషన్‌కు డబ్బు కూడబెట్టే ఇంట్లో, ఆ తర్వాతి పదేళ్ల బస్సు చార్జీలు ఎవరూ లెక్కేయరు.

కంటి వైద్యం పల్లెకు రావాలన్న ఆలోచన ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు. ఉమ్మెడ దగ్గర శ్రీరాంసాగర్ నీళ్లు దాటితే అవతల లోకేశ్వరం, ఆపైన ముథోల్. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్ నేత్రవైద్య సంస్థ, 1996లో తన గ్రామీణ కంటి ఆసుపత్రిని పెట్టింది ఆ ముథోల్‌లోనే. 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా కళ్లను పరీక్షించి ఆ సంస్థ చేసిన పెద్ద సర్వేలోనూ ఆదిలాబాద్ జిల్లా తరఫున ఎంచుకున్నది ముథోల్ ప్రాంతాన్నే. అంధత్వానికి మొదటి కారణం శుక్లమే. కానీ సరైన అద్దాలు లేకపోవడం వల్ల కూడా ఎందరో చూపు లేనివాళ్ల లెక్కలోకి వచ్చారని ఆ సర్వేలో తేలింది. ఒక జత కళ్లద్దాలతో తీరిపోయే గుడ్డితనం! 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన 'కంటి వెలుగు'లో ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచింది ఈ కొరత తీర్చడానికే.

లెన్సు పెట్టించుకునేవాళ్లు ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. ఆపరేషన్ పెద్ద ఆసుపత్రిలో. మధ్యమధ్య ఒత్తిడి కొలవడం, రెటీనా చూడటం దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గర. ఏ డాక్టరు ఏం చూడాలో ఆపరేషన్‌కు ముందే రాయించుకోవాలి.

మొదటి నెల ఇంటిదగ్గర జాగ్రత్తలూ మన ఊరికి తగ్గట్టే ఉండాలి. కన్ను నలపకూడదు. కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గరికి వెళ్లొద్దు, ఆ దుమ్ము మంచిది కాదు. గోదావరి స్నానం, బావిలో ఈత ఇప్పుడే వద్దు. కండ్లకలక వస్తే పసుపునీళ్లలో ముంచిన గుడ్డతో తుడవడం మన ఇళ్లలో అలవాటు. ఆపరేషన్ అయిన కంటికి అది పెట్టొద్దు. పసుపు మీద గౌరవం లేక కాదు... గాటు మానని కంట్లోకి ఏ క్రిమి చేరినా చూపుకే ఎసరు.

ఉద్యోగం, బీమా... కాస్త చూసుకోండి

'అద్దాలు పోతే రైల్వేలో డ్రైవరు ఉద్యోగానికి కట్టొచ్చు' అనుకునే కుర్రాళ్లున్నారు. అసిస్టెంట్ లోకో పైలట్ నియామకాల్లో లేసిక్‌గానీ, చూపు సరిచేసే మరే ఆపరేషన్‌గానీ చేయించుకున్నవాళ్లు అర్హులు కారని వైద్య ప్రమాణాల్లోనే ఉంది. చెప్పకపోతే తెలియదులే అనుకోవద్దు, మైక్రోస్కోపులో లెన్సు కనిపిస్తుంది. పోలీసు, సైన్యం, ఏదైనా సరే... నోటిఫికేషన్‌లోని కంటి నిబంధన చదివాకే ఆపరేషన్ సంగతి. చేయించుకున్న తర్వాత చదివితే ఏం లాభం!

బీమా సంగతికొస్తే, ఆరోగ్య పాలసీల్లో 7.5 కంటే తక్కువ పవర్‌ను సరిచేసే చికిత్సకు డబ్బు ఇవ్వనక్కర్లేదని మినహాయింపు ఉంటుంది. అంతకుమించి ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు వర్తించదు. మైనస్ 11 అమ్మాయి తండ్రికి పాలసీ ఉంటే, ఖర్చంతా చేతి నుంచి పెట్టుకునేముందు కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. ఎందుకంటే ఐసీఎల్ ఖర్చు లేజర్ కంటే బాగా ఎక్కువ. ఉచిత శిబిరాల్లో చేసేది కాదిది.

పెళ్లి సంగతి కూడా చెప్పాలి. 'అబ్బాయివాళ్లకు చెప్పకుండా చేయించేద్దాం' అనుకునే తల్లిదండ్రులకు ఒక్క మాట. పెళ్లయ్యాక ఏడాదికోసారి ఆమెను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది ఆ అబ్బాయే. కాన్పు సమయంలో డాక్టరుకు ఆమె కంటి చరిత్ర తెలియాలి. దాచిపెడితే ఆ పరీక్షలన్నీ ఆగిపోతాయి.

అన్నట్టు, ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లనూ అదే రోజు పరీక్షకు తీసుకెళ్లండి. తల్లిదండ్రులకుంటే పిల్లలకు మైనస్ వచ్చే అవకాశం ఎక్కువ. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి మైనస్ రావచ్చని 2016లో పరిశోధకులు అంచనా వేశారు. ఎండపొద్దు వెలుగులో రోజూ గంటా రెండు గంటలు ఆడుకునే పిల్లల్లో అది ఆలస్యంగా వస్తుందని తేలింది. పెరుగుతున్న పవర్‌ను నెమ్మదింపజేసే చుక్కల మందు కూడా ఉంది, డాక్టరు సలహాతో వాడాలి.

ఇక మన అమ్మాయి సంగతి. ముందు ఖాళీ కొలవాలి. 3 మిల్లీమీటర్లకు తక్కువుంటే ఈ ముచ్చటంతా ఇక్కడితో ఆపేసి, సన్నటి హైఇండెక్స్ అద్దాలో, కాంటాక్టు లెన్సులో చూసుకోవాలి. సరిపోతే రెటీనాలో బలహీనమైన చోట్లుంటే వాటి సంగతి ముందు తేల్చుకోవాలి. అన్నీ కుదిరి లెన్సు పెట్టాక, ఆసుపత్రివాళ్లు లెన్సు రకం, సైజు, పవర్, నంబరు రాసిన కార్డు ఒకటి ఇస్తారు. పాత అద్దాల చీటీని దానికి జతచేసి, పసుపు అమ్మిన తక్‌పట్టీలు దాచే పెట్టెలోనే పెట్టమనండి. నలభై ఏళ్ల తర్వాత శుక్లం ఆపరేషన్ చేయబోయే డాక్టరు మొట్టమొదట అడిగేది ఆ కాగితాలనే.